డాక్టరు కావాలనుకున్న అమ్మాయి ఫిజీషియన్ అసిస్టెంట్ అవుతానంటే

ప్రశ్న: మేము చాలా ఏళ్లుగా డాలస్‌లో ఉంటున్నాము. మా అమ్మాయి కాలేజీలో బయాలజీ మూడో సంవత్సరం చదువుతోంది. చిన్నప్పటి నుంచీ డాక్టరునవుతానన్న పిల్ల, ఇప్పుడు మెడికల్ స్కూలుకు కాకుండా ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సుకు దరఖాస్తు పెడతానంటోంది. మార్కులకు లోటు లేదు. కష్టానికి జంకి చిన్న చదువుతో సరిపెట్టుకుంటోందేమోనని మావారికీ నాకూ దిగులుగా ఉంది. హైదరాబాదులో బంధువులు “డాక్టరు దగ్గర అసిస్టెంటా?” అని అడుగుతున్నారు. అమ్మాయికి ఏమని నచ్చజెప్పాలి? – ఒక తల్లి, డాలస్

జవాబు: నచ్చజెప్పే ముందు మీ అమ్మాయిని ఒక్క మాట అడగండి. ఈ వృత్తిలో ఏ పని చేయాలని ఆమె అటు వెళుతోంది? మెడికల్ స్కూలు ఎందుకు వద్దో చెప్పడం వేరు, ఈ పనే ఎందుకు కావాలో చెప్పడం వేరు. రెండోదానికి ఆమె దగ్గర స్పష్టమైన సమాధానం ఉంటే మీరు దిగులు పడనవసరం లేదు. అమెరికాలో ఈ కోర్సులలో అత్యధిక భాగం ప్రవేశాలకు ఉపయోగించే కాస్పా అనే ఉమ్మడి దరఖాస్తులో 5,000 అక్షరాలకు మించకుండా ఒక వ్యాసం రాయాలి. ఆ వ్యాసంలోనూ, తరువాతి ఇంటర్వ్యూలోనూ ప్రధానంగా అడిగేది ఇదే.

బంధువులు ఊహించుకుంటున్నది బహుశా డాక్టరు గది బయట చీటీలు రాసే ఉద్యోగం. అసలు పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. గుండెకు బైపాస్ ఆపరేషన్ జరిగేటప్పుడు సర్జన్ ఛాతీ దగ్గర నిలబడితే, చాలా ఆసుపత్రుల్లో ఫిజీషియన్ అసిస్టెంట్ రోగి కాలి దగ్గర ఉంటారు. మోకాలి పక్కన చిన్న గాటు పెట్టి, సన్నని కెమెరా గొట్టాన్ని చర్మం కిందికి పంపి, అక్కడి పొడవైన సిరను చుట్టూ ఉన్న కొవ్వు నుంచి విడదీస్తూ, దాని నుంచి చీలిన కొమ్మలను ఒక్కొక్కటిగా మూసి తెంచుతూ, ఎక్కడా చిరుగు పడకుండా బయటికి తీస్తారు. కాసేపటికి ఆ సిరే గుండె మీద కొత్త రక్తనాళమవుతుంది. ఆ తరువాత రోజుల్లో వార్డుకు వెళ్లి గాయం చూసేదీ, ఛాతీలో పెట్టిన గొట్టాలు తీసేదీ, ఇంటికి పంపేటప్పుడు ఏ మందు ఎందుకు వేసుకోవాలో కుటుంబానికి వివరించేదీ తరచుగా అదే వ్యక్తి. కుటుంబవైద్యంలోనో అత్యవసర విభాగంలోనో చేరితే రోగిని పరీక్షించడం, పరీక్షలు చేయించడం, జబ్బు నిర్ధారించడం, మందులు రాయడం వారి దినచర్యలో భాగం.

ఈ వృత్తి పుట్టుకను చూస్తే దాని వెనుక ఉన్న ఉద్దేశం ఇంకా బాగా అర్థమవుతుంది. 1965లో, డాక్టర్ల కొరత తీవ్రంగా ఉన్న రోజుల్లో, ఉత్తర కరొలైనాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్ మొదటి తరగతిని ప్రారంభించారు. అందులో చేరినవారు నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చినవారు. రోగుల సేవలో చేయి తిరిగినా, బయటికి వచ్చాక ఆ నైపుణ్యానికి చోటు దొరకని మనుషులు వాళ్లు. అంటే, రోగి పక్కన పనిచేసిన అనుభవం ముందు, చదువు తరువాత. నేటికీ చాలా కోర్సులు నర్సింగ్ అసిస్టెంటుగానో, అంబులెన్సులోనో, మరో విధంగానో రోగులతో గడిపిన గంటలు చూపమని అడగడానికి కారణం ఇదే.

కాబట్టి మీ అమ్మాయి ఇప్పటికే అలాంటి పని ఏదైనా చేసిందేమో తెలుసుకోండి. మంచం మీద ఉన్న ముసలాయనను పక్కకు తిప్పి, వీపు తుడిచి, దుప్పటి మార్చిన పిల్ల ఈ పని కావాలంటే ఆ మాటకు బరువు ఉంటుంది. అలాంటి అనుభవం ఏదీ లేకుండా, జీతాల పట్టిక చూసి మాత్రమే అంటుంటే, ఒక ఏడాది ఆగి ఆ అనుభవం సంపాదించుకోమనండి. జీతం తక్కువేమీ కాదు. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2023లో మధ్యస్థ వార్షిక వేతనం సుమారు 1,30,000 డాలర్లు. అయితే రాత్రి డ్యూటీలో పదో రోగి కథ కూడా ఓపికగా వినడానికి జీతం ఒక్కటే చాలదు.

కాలమూ అప్పూ కూడా నిజమైన కారణాలే, వాటిని చెప్పుకోవడానికి సిగ్గుపడనవసరం లేదు. డిగ్రీ తరువాత మెడికల్ స్కూలు నాలుగేళ్లు, ఆపైన రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే శిక్షణ, మూడు నుంచి ఏడేళ్లు. ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు సాధారణంగా రెండు నుంచి మూడేళ్లలో ముగుస్తుంది, రెసిడెన్సీ తప్పనిసరి కాదు. ఎముకల విభాగంలో కొన్నేళ్లు పనిచేసి చర్మవ్యాధులకో గుండె విభాగానికో మారాలన్నా మళ్లీ రెసిడెన్సీ చేయనవసరం లేదు. డాక్టరుకు దాదాపు దొరకని వెసులుబాటు ఇది. ఇక కష్టానికి జంకిందన్న మీ అనుమానం సంగతికొస్తే, ఆ రెండు మూడేళ్లలో వైద్యశాస్త్రమంతటినీ కుదించి చదవాలి, ఆసుపత్రుల్లో సుమారు 2,000 గంటలు పనిచేయాలి, తరువాత 300 ప్రశ్నల జాతీయ పరీక్ష నెగ్గాలి. సర్టిఫికేషన్ నిలుపుకోవడానికి ప్రతి రెండేళ్లకూ 100 గంటల వైద్యవిద్య కొనసాగుతూనే ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం లేకుండా మాట్లాడుకోండి. డాక్టర్ల బృందంలో భాగంగా పనిచేసే వృత్తి ఇది. స్వతంత్రత ఎంత అన్నది రాష్ట్రాన్ని బట్టి, ఆసుపత్రిని బట్టి మారుతుంది గాని, క్లిష్టమైన కేసుల్లో చివరి మాట సాధారణంగా డాక్టరుదే. పదేళ్ల అనుభవం వచ్చాక, నిన్ననే రెసిడెన్సీ ముగించిన కుర్ర డాక్టరు వచ్చి పైన కూర్చోవచ్చు. అది ఆమె మనసుకు ముల్లులా గుచ్చుకునేదైతే, ఛాతీ తెరిచే చేయి తనదే కావాలని లోపల కోరిక ఉంటే, ఆలస్యమైనా మెడికల్ స్కూలుకే వెళ్లాలి. అవసరమైనప్పుడు పక్కవారిని అడగగలగడం బలమనుకునే స్వభావమైతే ఇక్కడ రాణిస్తుంది. ఆ స్వభావం ఉందో లేదో బంధువుల కంటే తల్లిగా మీకే బాగా తెలుస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయికి ఎంబీబీఎస్ సీటు రాలేదు. ఇక్కడే బీఎస్సీ ఫిజీషియన్ అసిస్టెంట్ చదివి అమెరికా వెళ్లవచ్చని ఒకరు చెప్పారు. నిజమేనా? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఆ ఆశతో మాత్రం చేర్పించకండి. అమెరికాలో లైసెన్సుకు ముందు రాయవలసిన జాతీయ పరీక్షకు, అక్కడి గుర్తింపు సంస్థ ఆమోదించిన కోర్సు పూర్తిచేసినవారికే అర్హత ఉంటుంది. మన దేశపు డిగ్రీతో, చివరికి మన ఎంబీబీఎస్‌తో కూడా, నేరుగా ఆ పరీక్ష రాయలేరు.

ఇక్కడే పనిచేయాలనుకుంటే అది వేరే విషయం. మన దేశంలో ఈ చదువు 1992లో మద్రాస్ మెడికల్ మిషన్‌లో, గుండె శస్త్రచికిత్సా నిపుణులు డాక్టర్ కె. ఎం. చెరియన్ చొరవతో మొదలైంది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఈ వృత్తిని తన జాబితాలో చేర్చింది. పెద్ద ఆసుపత్రుల ఆపరేషన్ థియేటర్లలో, ఐసీయూలలో పని దొరుకుతుంది గాని, అమెరికాలో మాదిరి మందులు రాసే అధికారం ఇక్కడ ఉండదు. సీటు రాని బాధలో తొందరపడి ఫీజు కట్టకండి. కాలేజీకి సొంత ఆసుపత్రి ఉందా, డిగ్రీ ఇచ్చే విశ్వవిద్యాలయం ఏది, ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేయిస్తారు అన్నవి కనుక్కోండి. వీలైతే చివరి సంవత్సరం విద్యార్థిని ఒకరిని కలిసి, నిన్న వార్డులో తన చేతులతో ఏ పనులు చేశాడో మీ అబ్బాయి చేతనే అడిగించండి.