నీ కథలో హ్యాడ్‌ల గురించి, పర్లాకిమిడి నుంచి

తమ్ముడూ,

నీ ఇంగ్లీషు కథ రెండుసార్లు చదివాను. కథ బాగుంది, ముందే చెప్పీస్తున్నా, లేకపోతే కిందది చదివి రాయడమే మానీగలవు. మూడు పేజీల్లో క్రియల ముందు నువ్వు పెట్టిన హ్యాడ్‌లు (had) లెక్కెట్టాను, నలభై ఒకటి తేలాయి. మీ అమ్మమ్మ హ్యాడ్ లేచింది, హ్యాడ్ పొయ్యి వెలిగించింది, హ్యాడ్ చింతపండు నానబెట్టింది, పాపం ఆవిడ హ్యాడ్ లేకుండా ఒక్క పనీ చెయ్యలేదు.

ఇది నీ ఒక్కడి తప్పు కాదులే, మన ఆంధ్రా-ఒడిశా బోర్డర్ జబ్బు. నువ్వు ఒడియా మీడియం కదా, ఒడియాలో నిన్న వెళ్ళాను అనడానికి కూడా కాలి జాయిథిలి అనీస్తాం, ఆ థిలిని అలాగే మోసుకొచ్చి ఇంగ్లీషులో హ్యాడ్ చేసి కూర్చోబెడతాం, ఐ హ్యాడ్ గాన్ ఎస్టర్‌డే అని. ఒడియాలో అది రోజూ అనుకునే మాటే, ఇంగ్లీషు చదివేవాడు మాత్రం వెళ్ళాడు సరే, ఆ తర్వాత ఏటయ్యింది అని చూస్తుంటాడు, నువ్వేమో ఇంకేం చెప్పవు. నేనూ ఇలా రాసే మొదటి కథ వెనక్కి తెచ్చుకున్నాను.

జరిగిపోయిన ఒక సంగతికంటే ముందే అయిపోయిన పనికి ఇంగ్లీషులో హ్యాడ్ పెడతారు. తెలుగులో దీనికని వేరే రూపం లేదు కదా, అప్పటికే, చేసేసరికి లాంటి మాటల్తో లాగించేస్తాం. అందుకని నేను చేసే పని ఒకటే, వాక్యాన్ని తెలుగులో అనుకుని చూస్తా, అప్పటికే అన్న మాట పడితే హ్యాడ్ ఉంచుతా, పడకపోతే కొట్టేస్తా. మనూరి సంగతే చూడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడింది, అప్పటికే గిడుగు రామమూర్తి గారు ఇక్కడ ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పారు. ఇక్కడ మనం 1936లో నిలబడి వెనక్కి చూస్తున్నాం కాబట్టి హ్యాడ్ టాట్. అదే, ఆయన పాఠాలు చెప్పారు, తర్వాత ఒడిశా ఏర్పడింది అని వరసగా చెప్పుకొస్తే ఉత్త టాట్ చాలు, హ్యాడ్ దండగ.

హ్యాడ్ వెంట్ అని రెండుచోట్ల ఉంది, గాన్ చెయ్యి, దానికి లెక్చరేం లేదు.

అమ్మమ్మ పెళ్ళినాటి ఫ్లాష్‌బ్యాక్ ఉంది చూశావా, అక్కడ మొదటి ఒకటి రెండు వాక్యాలకి హ్యాడ్ పెట్టి వదిలేయ్, చదివేవాడు ఆ కాలంలోకి వెళ్ళిపోయాక ఇంక మామూలు పాస్ట్‌లో నడిపించు, లేదంటే ప్రతి అడుక్కీ ఇది పాత సంగతి, ఇది పాత సంగతి అని వాడి చెవిలో పోరినట్టుంటుంది.

ఇంక చివరి పేజీ. వెన్ ఐ రీచ్డ్ గుణుపూర్, షి డైడ్ అంటే నువ్వు చేరావు, అప్పుడు ప్రాణం పోయింది, చివరిచూపు దక్కింది. షి హ్యాడ్ డైడ్ అంటే నువ్వింకా బస్సులో ఉండగానే అయిపోయింది. నువ్వు హ్యాడ్ డైడ్ అని రాశావు. ఆ నలభై ఒకట్లో దాన్ని మాత్రం ముట్టుకోకు, మిగతావి చూసి మళ్ళీ పంపు.

మీ అన్నయ్య