కోనసీమలో ఇంటి పెరట్లో రంబుటాన్, మాంగోస్టీన్ పెంచవచ్చా? మొక్కలు ఎక్కడ దొరుకుతాయి?

పెంచవచ్చు. మొక్కల కోసం దూరం వెళ్లక్కర్లేదు, రాజమహేంద్రవరం దగ్గర కడియం, కడియపులంక నర్సరీల్లో అడగండి. రంబుటాన్ అయితే అంటు మొక్కే కొనండి. గింజ మొక్కల్లో మగవి కూడా వస్తాయి. ఏళ్ల తరబడి నీళ్లు పోసినా అవి పూస్తాయే తప్ప కాయవు. కాండం కింది భాగంలో అంటు కట్టిన చోటు కనబడాలి. లేబుల్ మీద బొమ్మ చూసి నమ్మేయకండి.

మాంగోస్టీన్ సంగతి వేరు. దాని గింజ పరాగ సంపర్కం లేకుండానే తయారవుతుంది కాబట్టి గింజ మొక్క కూడా తల్లి చెట్టులాగే కాస్తుంది. కాకపోతే కాపుకు 7 నుంచి 10 ఏళ్లు పట్టొచ్చు, ఓపిక ఉంటేనే పెట్టండి. గింజ ఎండితే మొలవదు, పండు తిన్న వెంటనే నాటాలి.

డెల్టాలో అసలు టెన్షన్ వానాకాలం నీటితోనే. బరువైన నేలలో నీళ్లు నిలిస్తే వేళ్లు కుళ్లిపోతాయి. అందుకే అడుగున్నర ఎత్తు మట్టి దిబ్బ వేసి, మాగిన పశువుల ఎరువు కలిపి, దానిమీద నాటండి. మాంగోస్టీన్‌కు చిన్నప్పుడు నీడ తప్పనిసరి. కొబ్బరి చెట్ల మధ్య చోటు బాగా సరిపోతుంది. రోహిణి కార్తె ఎండలకు కొబ్బరి మట్టలు అడ్డు కట్టండి.

జాగా లేదంటే జబోటికాబా అనే పండ్ల చెట్టు చూడండి, పెద్ద కుండీలోనూ పెరుగుతుంది. కాయలు కాండానికే అతుక్కుని కాస్తాయి.