ఆప్షన్స్ నష్టం ఏ గడిలో చూపాలి?

ప్రశ్న: మాది గాజువాక, ప్లాంటులో ఉద్యోగం. పోయిన ఏడాది నిఫ్టీ ఆప్షన్స్‌లో లక్షా అరవై వేలు పోయాయి. బ్రోకర్ ఇచ్చిన ఎక్సెల్‌ని రిటర్న్ వేసే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తే అదంతా షార్ట్ టర్మ్ క్యాపిటల్ గెయిన్స్ కింద పడింది. కాంట్రాక్టు విలువ కోట్లలో కనబడుతోంది, ఆడిట్ అంటారేమోనని టెన్షన్. మా బావమరిదేమో పోయిన డబ్బుకి లెక్క ఎవడడుగుతాడు, ఎప్పట్లాగే జీతగాళ్ల మామూలు ఫారం ఐటీఆర్-1 వేసెయ్ బావా అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు మీ బావమరిది సలహా పక్కన పెట్టండి. ఎక్స్ఛేంజీలో చేసే ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) లావాదేవీలు చట్టం లెక్కలో వ్యాపారం, అదీ స్పెక్యులేషన్ కాని వ్యాపారం. మీరు షిఫ్టు దిగి ఫోన్‌లో రెండు లాట్లు (లాటంటే ఇన్ని యూనిట్లని ఎక్స్ఛేంజీ కట్టిన కట్ట) కొన్నా అంతే, ఫారం ఐటీఆర్-3 అవుతుంది.

క్యాపిటల్ గెయిన్స్‌లో వదిలేస్తే ఏమవుతుందంటారా? తప్పు లెక్క అవడం ఒకటి, మీకే నష్టం కావడం ఇంకొకటి. వ్యాపార నష్టాన్ని జీతంలోంచి తీసెయ్యడం కుదరదు గానీ అదే ఏడాది ఎఫ్‌డీ వడ్డీలోంచో, ఇంటద్దెలోంచో, షేర్లమ్మిన లాభంలోంచో తీసుకోవచ్చు, మిగిలింది ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లి వ్యాపార లాభంలో సర్దుకోవచ్చు. క్యాపిటల్ నష్టానికి వడ్డీ జోలికి వెళ్లే వీల్లేదు. గడువులోపు రిటర్న్ వెయ్యకపోతే మాత్రం ముందుకు తీసుకెళ్లే హక్కు పోయినట్టే. అందుకని సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టిన ఆ వరసలు అక్కడ చెరిపేసి, వ్యాపారం భాగంలో మీరే చేత్తో ఎక్కించండి.

ఇక కోట్ల సంగతి. 75 యూనిట్ల నిఫ్టీ లాటు యూనిట్‌కి 120 రూపాయల ప్రీమియానికి (అంటే ఆప్షన్ ధరకి) కొని 80కి అమ్మారనుకోండి, సూచీ 24,000 దగ్గరుంటే కాంట్రాక్టు విలువ 18 లక్షలు కనబడుతుంది. కానీ మీకు పోయింది 3,000, టర్నోవర్ కూడా ఆ 3,000 మాత్రమే. లాభాలన్నీ ఒకచోట, నష్టాలన్నీ మైనస్ గుర్తు తీసేసి ఇంకోచోట కూడి, రెండూ కలపాలి. మీ లాభాలు 3.1 లక్షలు, నష్టాలు 4.7 లక్షలు అయితే టర్నోవర్ 7.8 లక్షలు. అమ్మిన ప్రీమియం కూడా విడిగా కలపాలని పాత పద్ధతి ఉండేది; అది లాభనష్టాల్లో చేరిపోయి ఉంటే మళ్లీ కలపక్కర్లేదని చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 2022లో తన మార్గదర్శకాన్ని మార్చింది. టర్నోవర్ మీద ఆడిట్ పరిమితి కోటి, నగదు లావాదేవీలు 5 శాతం దాటనివారికి 10 కోట్లు. మీరు దాని దరిదాపుల్లో లేరు. నష్టం వస్తే ఆడిట్ తప్పదనే మాట తెగ తిరుగుతుంటుంది, గతంలో ఊహాజనిత ఆదాయ పద్ధతి (టర్నోవర్‌లో ఇంత శాతం లాభమని చూపేది) ఎంచుకోని మీకది వర్తించదు. టర్నోవర్ ఇంత తక్కువ కాబట్టి ఖాతా పుస్తకాలు రాయనివారి కోసం ఉన్న చిన్న భాగం నింపితే చాలు.

బ్రోకర్ ఎక్సెల్‌లో ఛార్జీలు చాలాసార్లు వేరే షీటులో ఉంటాయి, మర్చిపోకండి. బ్రోకరేజీ, ఎస్‌టీటీ (లావాదేవీల పన్ను), జీఎస్‌టీ, స్టాంపు డ్యూటీ అన్నీ ఖర్చులే.

ఉద్యోగస్తులు ఎక్కువగా ఇరుక్కునేది ఇంకోచోట. పాత పన్ను విధానంలో ఉండాలంటే వ్యాపార ఆదాయం చూపేవాళ్లు గడువులోపు ఫారం 10-ఐఈఏ వెయ్యాలి. జీతం ఒక్కటే ఉన్నప్పటిలా ఏటా అటూ ఇటూ మారడం ఇక కుదరదు. ఒకసారి పాతది వదిలి కొత్తదానికి వచ్చేస్తే, వ్యాపార ఆదాయం ఉన్నంతకాలం వెనక్కి వెళ్లలేరు. ఇంటి లోన్ ఉంటే ముందు రెండు విధానాల్లోనూ పన్ను లెక్క వేసి చూసుకోండి.

పోయిందని చిన్నబుచ్చుకోకండి, 2021-22 నుంచి మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ చేసిన వ్యక్తుల్లో 93 శాతానికి నష్టమేనని మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీయే తేల్చింది. (ఆ 93 మందిలో ఎందరు రిటర్న్‌లో చూపించారో మరి.)

ప్రశ్న: మధురవాడ నుంచి రాస్తున్నానండి. రెండేళ్ల కిందటి ఆప్షన్స్ నష్టం చూపించలేదు. అప్‌డేటెడ్ రిటర్న్ వేసి ఇప్పుడు చూపొచ్చా?

జవాబు: కుదరదమ్మా. అప్‌డేటెడ్ రిటర్న్ అంటే గడువులన్నీ దాటాక అదనంగా పన్ను కట్టేవాళ్ల కోసం పెట్టింది, కొత్తగా నష్టం క్లెయిమ్ చెయ్యడానికి పనికిరాదు. ఆ ఏడాది లాభం వచ్చి దాచి ఉంటే మాత్రం వెయ్యొచ్చు, ఎంత ఆలస్యమైతే అదనపు పన్ను అంత పెరుగుతుంది.