కొట్టేసిన వాక్యం

మైలాపూర్, చెన్నై

చి. అమ్మాయికి,

నీ వ్యాసం అందింది. మే 4న చలం వర్ధంతి సభలో చదవాలన్నావు. ఫోన్‌లో చెబితే నువ్వు "సరే పిన్నీ" అని పెట్టేస్తావు, అందుకని కూర్చుని రాస్తున్నాను.

నాలుగో పేజీలో ఒక వాక్యం రాసి కొట్టేశావు. కాగితాన్ని వెలుతురుకి అడ్డంపెట్టి చదివాను. "ఆ సైకిల్ మీద కూర్చున్నప్పుడు రంగనాయకమ్మగారికి ఏమనిపించి ఉంటుంది?" వ్యాసం మొత్తంలో అచ్చంగా నీది అనిపించిన వాక్యం అదొక్కటే.

చలం మద్రాసులో బి.ఏ. చదువుతూ భార్య రంగనాయకమ్మను ఎగ్మోర్‌లో కాన్వెంటు బడిలో చేర్పించాడు. ఆమెను సైకిలెక్కించుకుని బడి దగ్గర దింపి, తర్వాత తన కాలేజీకి వెళ్ళేవాడు. దారిలో జనం నవ్వేవాళ్ళు. మామగారికి కోపమొచ్చింది. ఈ కథను మనమంతా చలం గొప్పతనానికి సాక్ష్యంగా చెప్పుకుంటాం. గొప్పే, కాదనను. ఆ రోజుల్లో బ్రాహ్మణ ఇంట్లో ఆ పని చెయ్యడానికి గుండె ఉండాలి. కానీ ఆ నవ్వులు ఆయనొక్కడి మీదే పడలేదు కదా, సైకిల్ మీద కూర్చున్న పిల్ల మీదా పడ్డాయి. ఆ తెగింపు ఆయన కోరుకున్నది. మరి ఆమె? నువ్వు సరిగ్గా అక్కడ ఆగావు. వెంటనే భయపడి దాన్ని కొట్టేసి, "ఏదేమైనా స్త్రీజాతికి ఆయన చేసిన మేలు మరువరానిది" అని రాశావు. ఆ మాట ఏ సభలోనైనా, ఎవరి గురించైనా అనొచ్చు.

సభలో పెద్దవాళ్ళుంటారని నీ టెన్షన్. ఉంటారు. కొందరికి చలం దేవుడు. కొందరు ఆయన పుస్తకాన్ని ఇంట్లోకి రానివ్వరు. ఇంకో రకం ఉన్నారు, వాళ్ళతోనే నాకు పేచీ. ఆయన్ని రెండు ముక్కలు చేసి, తమకు కావలసిన ముక్క పట్టుకుపోతారు. ఆయన నవల 'మైదానం' వచ్చింది 1927లో. ఆయన తిరువణ్ణామలై వెళ్ళింది 1950లో, రమణ మహర్షి చనిపోయిన ఏడాదే. అక్కడే 1979లో పోయాడు. స్వేచ్ఛ కోసం చలాన్ని ప్రేమించేవాళ్ళు ఆ చివరి 29 ఏళ్ళను ఓటమిలా దాటేస్తారు. భక్తితో ప్రేమించేవాళ్ళు అంతకుముందు రాసిందంతా అక్కడ కడిగేసుకున్నాడన్నట్టు మాట్లాడతారు. ఉన్నది ఒక్క మనిషి. నీ వ్యాసం కూడా అరుణాచలం దగ్గరికి వచ్చేసరికి మూడు లైన్లలో ముగిసింది. మన ఊరి నుంచి బస్సులో నాలుగైదు గంటల దారి, ఒకసారి వెళ్ళిరా. అర్థమైపోతుందని కాదు. అక్కడి ఎండలో కాసేపు నడిచి వచ్చాక, ఆయన మారిపోయాడని అంత తేలిగ్గా రాయలేవు.

'మైదానం'లో అమీర్ ముస్లిం అన్న సంగతిని "వేరే వర్గానికి చెందిన యువకుడు" అని ఎందుకు దాచావు? వకీలు భార్య, బ్రాహ్మణ స్త్రీ అయిన రాజేశ్వరి ఒక ముస్లింతో వెళ్ళిపోవడం వల్లనే కదా ఆ నవల అంత మంట పెట్టింది. ఈ రోజుల్లో ఎవరేమంటారోనని నీ భయం, తెలుసు. అయినా పేరు పేరుగానే రాయి.

భాష గురించి నువ్వు ఒక్క ముక్కా రాయలేదు. నాకు లోటనిపించింది అదే. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పోరాడిన రోజులవి. ఆ వాదం ఇంకా తెగకముందే చలం రాజేశ్వరి చేత ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడించాడు. చిన్న వాక్యం, ఊపిరాడనట్టు ఆగిపోయే వాక్యం. ఆయన్ని తిట్టి రాసిన వ్యాసాల్లో కూడా ఆ వాక్యం నాకు కనపడుతూనే ఉంటుంది. ఆయన అభిప్రాయాల్లో కొన్ని ఇవాళ నాకు మింగుడుపడవు. ఆడదాని కోరిక గురించి అంత రాసినవాడు, ఆమె అలసట గురించి నాకు సరిపోయేంత రాయలేదనిపిస్తుంది. అయినా రాయడానికి కూర్చున్నప్పుడు నా చేతిలోకి వచ్చేది ఆయన వాక్యమే.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. నాకు ఇరవయ్యారేళ్ళప్పుడు, చనిపోయిన ఒక రచయిత మీద ఒక మాసపత్రికలో రాశాను. మంచి వ్యాసమే. మధ్యలో మాత్రం ఆయన ఇంటి సంగతి ఒకటి, ఎవరో కాఫీ తాగుతూ చెప్పింది, నిజమన్నట్టు పెట్టాను. పది రోజులకు ఆయన కూతురు మా గేటు దగ్గరికొచ్చింది. చేతిలో పత్రిక గొట్టంలా చుట్టి ఉంది. "మీరు చూశారా?" అంది. లేదన్నాను. మంచినీళ్ళిస్తే తాగలేదు. ఎండలోనే తిరిగి వెళ్ళిపోయింది. పోయినవాడు మనకు జవాబు చెప్పలేడు, అందుకే వాళ్ళ మీద రాయడం సులువనిపిస్తుంది. వాళ్ళింట్లో మనుషులు మాత్రం బతికే ఉంటారు. నీ ఆరో పేజీలో "అంటారు", "చెప్పుకుంటారు" అని నాలుగుచోట్ల ఉంది. ఆ నాలుగూ తీసెయ్. ఆయన రాసిన ఆత్మకథ ఉంది, ఉత్తరాలున్నాయి. అవీ ఒక మనిషి తన గురించి చెప్పుకున్నవే, అన్నీ నమ్మక్కర్లేదు. కానీ ఎవరి మాటో చదివేవాళ్ళకు తెలుస్తుంది.

శ్రీశ్రీ కవితల పుస్తకం 'మహాప్రస్థానం'కి చలం రాసిన ముందుమాట 'యోగ్యతాపత్రం'లో, కవిత్వాన్ని తూచే రాళ్ళు తన దగ్గర లేవన్నాడు. తూచవద్దన్నాడట శ్రీశ్రీ, అనుభవించి పలవరించమన్నాడట. చలాన్ని తూచమని నిన్నూ ఎవరూ అడగలేదు. పదహారేళ్ళప్పుడు మొదటిసారి చదివి రాత్రంతా నిద్రపోలేదని నాతో అన్నావు చూడు, ఆ రాత్రి వ్యాసంలో ఎక్కడా లేదు. ఇప్పుడు చదివితే కోపమొస్తోందనీ అన్నావు. అదీ లేదు. రెండూ పక్కపక్కనే పెట్టు, కలపాలని చూడకు.

శనివారం పొద్దున కన్నెమరా లైబ్రరీకి రా. పాత ప్రతులు ఏమున్నాయో ఇద్దరం చూద్దాం. అదీ ఎగ్మోరే. పని అయ్యాక ఆ రోడ్ల మీద కాస్త నడుద్దాం, సైకిల్ వెళ్ళిన దారి ఏదై ఉంటుందో. ఎండ మండిపోతోంది, గొడుగు తెచ్చుకో. కొట్టేసిన వాక్యాన్ని మళ్ళీ రాసి తీసుకురా.

మీ పిన్ని