టెక్ సందేహాలు: అనుభవాన్ని చెప్పే చిన్న వీడియోకు పెద్ద ఫోను అవసరమా?

ప్రశ్న: ఒక కర్మాగారంలో సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరయ్యాను. కింది ఉద్యోగి తప్పు చేసినప్పుడు ఎలా చెప్పాలి, పనిని ఎలా పంచాలి, కోపాన్ని ఎలా అదుపులో పెట్టుకోవాలి వంటి విషయాలపై చిన్న వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెట్టాలని ఉంది. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద తీస్తే తెరపై నల్లటి చారలు పాకుతున్నాయి, మాట బావిలోంచి వచ్చినట్లు వినిపిస్తోంది. కొత్త ఫోను కొనాలా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: కొనవద్దండి. మీరు చెప్పిన రెండు లోపాలూ ఖరీదైన ఫోనులోనూ రావచ్చు. మన ఇళ్లకు వచ్చే విద్యుత్తు 50 హెర్ట్జ్ కాబట్టి పాత చోక్ ట్యూబ్‌లైట్లు, నాసిరకం ఎల్‌ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు వెలుగు హెచ్చుతూ తగ్గుతూ ఉంటాయి. మన కంటికి అది తెలియదు కానీ, కెమెరా షట్టర్ వేగం (ఒక్కో ఫ్రేముకు, అంటే వీడియోలోని ఒక్కో బొమ్మకు, కెమెరా వెలుగును తీసుకునే సమయం) ఆ లయతో కలవకపోతే చారలుగా కనిపిస్తుంది. మీ ఫోను కెమెరాలో ప్రో వీడియో మోడ్ ఉంటే షట్టర్‌ను 1/50 లేదా 1/100 సెకను దగ్గర స్థిరంగా ఉంచండి. ఐఫోను అయితే సెట్టింగ్స్‌లోని కెమెరా విభాగంలో, రికార్డ్ వీడియో కింద ‘షో పాల్ ఫార్మాట్స్’ ఆన్ చేసి, సెకనుకు 25 ఫ్రేములను ఎంచుకోండి. ఇవేవీ లేకుంటే పగటిపూట కిటికీకి ఎదురుగా కూర్చుని, లైటు ఆపేసి తీయండి. ముఖం కూడా బాగా కనిపిస్తుంది.

అసలు శ్రద్ధ పెట్టవలసింది శబ్దం మీద. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూసేవారు సర్దుకుంటారు, మాట తెలియకపోతే మాత్రం కొద్ది క్షణాల్లోనే వేలితో పైకి తోసేస్తారు. మీరు చెప్పబోయేది దశాబ్దాల ఉద్యోగంలో గడించిన అనుభవం. అందులో ఒక్క మాట కూడా వృథా పోకూడదని నా కోరిక. ఫోను మీకు ఐదారు అడుగుల దూరంలో ఉన్నప్పుడు అందులోని మైక్ మీ గొంతుతో పాటు ఖాళీ గోడలకూ గచ్చుకూ తగిలి తిరిగొచ్చే శబ్దాన్ని కూడా పట్టుకుంటుంది, బావిలోంచి వచ్చినట్లు ఉండటానికి కారణం అదే. కాలర్ మైక్ ఒకటి కొని చొక్కాకు, గడ్డానికి జానెడు దూరంలో తగిలించండి. కొనేముందు, ఇంట్లో పాత ఫోను దాచి ఉంచి ఉంటే దానితో ఒక ప్రయత్నం చేయండి: అందులో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి చొక్కా జేబులో పెట్టుకుని, మాట మొదలుపెట్టేముందు కెమెరా ఎదుట ఒకసారి చప్పట్లు కొట్టండి. ఎడిటింగ్ యాప్‌లో చప్పట్ల శబ్దాన్ని, చేతులు కలిసిన ఫ్రేమునూ ఒకచోటికి తెస్తే మాటా బొమ్మా కలిసిపోతాయి. జేబులో బట్ట రాపిడి వినిపిస్తే మైక్ ఉన్న అంచు పైకి ఉండేలా పెట్టండి. రికార్డింగ్ సమయంలో ఫ్యాను ఆపడం మరచిపోవద్దు. మంచం, దుప్పట్లు, బట్టల అల్మరా ఉన్న గది హాలుకన్నా మేలు.

ఒక మనవి: పాత సహోద్యోగుల ఉదాహరణలు చెప్పేటప్పుడు పేరు, విభాగం, సంవత్సరం వంటి ఆనవాళ్లను వదిలేయండి. గద్దింపును వివరించడానికి ఆ మనిషి ఎవరో తెలియనక్కర్లేదు కదా.

ప్రశ్న: తీసిన వీడియోను ఎడిట్ చేయమని వాట్సాప్‌లో మా అమ్మాయికి పంపితే మసకబారుతోంది. వీడియో ఎంత నిడివి ఉండాలి? వెనుక సినిమా పాట పెట్టవచ్చా? – ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: వాట్సాప్ వీడియోను కుదించి పంపుతుంది. అటాచ్ గుర్తు నొక్కి ‘డాక్యుమెంట్’గా ఎంచుకుంటే 2 జీబీ వరకు ఉన్న ఫైలు ఉన్నదున్నట్లు చేరుతుంది.

నిడివి విషయంలో, 2024 అక్టోబరు 15 నుంచి నిలువు లేదా చదరపు వీడియోలు 3 నిమిషాల దాకా యూట్యూబ్‌లో షార్ట్స్‌ (చిన్న వీడియోల విభాగం) గానే లెక్కకు వస్తున్నాయి. అయినా ఒక వీడియోకు ఒకే విషయం పెట్టుకోండి, మూడు నిమిషాలు నిండించాలని సాగదీయకండి. పాట వద్దనే నా సలహా: నిమిషం దాటిన షార్ట్‌పై కంటెంట్ ఐడీ (హక్కులున్న పాటలను, దృశ్యాలను తానే గుర్తుపట్టే యూట్యూబ్ వ్యవస్థ) ద్వారా హక్కుల క్లెయిము పడితే యూట్యూబ్ ఆ వీడియోను బ్లాక్ చేస్తుంది. సంగీతం తప్పదనుకుంటే యూట్యూబ్ స్టూడియోలోని ఆడియో లైబ్రరీలో వెతికి, మీ మాట మొదలయ్యే చోట దాన్ని పూర్తిగా తగ్గించండి.