వీడియో గేమ్‌ల తయారీలోకి వెళ్లాలంటే ఏ డిగ్రీ తీసుకోవాలి?

ప్రశ్న: మా అబ్బాయి పన్నెండో తరగతిలో ఉన్నాడు. వీడియో గేమ్‌లు తయారుచేసే పనిలోకే వెళ్తానని పట్టుబడుతున్నాడు. లెక్కలు బాగా వస్తాయి, బొమ్మలూ వేస్తాడు. ఒక విశ్వవిద్యాలయంలో గేమ్ డెవలప్‌మెంట్ పేరుతోనే డిగ్రీ ఉంది. మరోచోట కంప్యూటర్ సైన్స్‌లో సీటు వచ్చేలా ఉంది. ఏది తీసుకోమంటారు? గేమ్ డిగ్రీ చదివాక ఆ రంగంలో పని దొరక్కపోతే ఏమిటన్నది మా భయం. – ఒక తల్లి

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి నా మొగ్గు కంప్యూటర్ సైన్స్ వైపే. అయితే దరఖాస్తు నింపేముందు మీ అబ్బాయి ఒక సంగతి తేల్చుకోవాలి. గేమ్‌లో తను చేయాలనుకుంటున్న పని ఏది? అది తేలితే ఏ కోర్సన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

గేమ్‌ల తయారీ ఒకే ఉద్యోగం కాదు. పెద్ద స్టూడియోలు ‘గేమ్ డెవలపర్ కావలెను’ అని ప్రకటన ఇవ్వడం తక్కువ. గేమ్‌ప్లే ప్రోగ్రామర్, ఎన్విరాన్‌మెంట్ ఆర్టిస్ట్, రిగ్గర్ (పాత్రలకు ఎముకల అమరిక కట్టేవాడు), లెవల్ డిజైనర్, సౌండ్ డిజైనర్, టెస్టర్ అని విడివిడిగా అడుగుతాయి. ఒక్కో పనికి ఒక్కో చదువు. ప్రోగ్రామర్ ఉద్యోగానికి వెళ్లినవాణ్ని బొమ్మలు చూపించమనరు, ఆర్టిస్టుగా వెళ్లినవాణ్ని కోడ్ రాయమనరు. అన్నీ కొంచెం కొంచెం వచ్చినవాడు చిన్న బృందాల్లో రాణించవచ్చు కానీ, మొదటి ఉద్యోగం దగ్గర మాత్రం ఒక్క పనిలోనైనా చేయి తిరిగి ఉండాలి.

ఏ పని నప్పుతుందో మాటల్లో తేలదు, చేసి చూడాలి. ఒక నెల గడువు పెట్టుకుని ఒకే ఒక్క తెర మీద నడిచే చిన్న గేమ్ తయారుచేయమనండి. గోడో అనే ఇంజిన్ (గేమ్ కట్టడానికి వాడే సాఫ్ట్‌వేర్) ఉచితం, మామూలు కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. మొదటి వారం ఒక పెట్టె అటూ ఇటూ కదిలి గెంతితే చాలు. అక్కడే మొదటి పాఠం ఎదురవుతుంది. ఫ్రేముకు (తెర మీద వెంటవెంటనే మారే ఒక్కో బొమ్మకు) 5 పిక్సెళ్లు కదలాలని రాస్తే, సెకనుకు 60 ఫ్రేములు చూపే తెర మీద ఆ పెట్టె సెకనులో 300 పిక్సెళ్లు వెళ్తుంది, 144 ఫ్రేములు చూపే తెర మీద 720 వెళ్తుంది. అందుకే వేగాన్ని సెకను లెక్కన రాసి, గడిచిన ఫ్రేముకు పట్టిన సమయంతో గుణిస్తారు. రెండో వారం ఒక కాపలావాణ్ని పెట్టాలి. మూడో వారం పెట్టెలు తీసేసి తను గీసిన బొమ్మలు పెట్టాలి. నాలుగో వారం ఐదుగురికి ఇచ్చి ఆడించి, ఎవరికీ ఏమీ చెప్పకుండా పక్కన కూర్చుని ఎక్కడ తికమకపడుతున్నారో రాసుకోవాలి. నెల తిరిగేసరికి ఏ వారం పని దగ్గర అన్నం కూడా మరిచిపోయి కూర్చున్నాడో, దేన్ని వాయిదా వేస్తూ వచ్చాడో మీకే తెలిసిపోతుంది.

ఆ రెండో వారాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. గేమ్ ప్రోగ్రామింగ్‌లో లెక్కలు ఎక్కడ పనికొస్తాయో అక్కడ బాగా తెలుస్తుంది. కాపలావాడు తన ముందు 90 డిగ్రీల మేర చూడగలడనుకుందాం. అతని ముఖం ఏ దిశకు ఉందో అది ఒక వెక్టర్, అంటే దిశా పొడవూ ఉన్న బాణం. అతని నుంచి ఆటగాడి వరకు గీసిన గీత రెండో వెక్టర్. రెండింటినీ 1 పొడవుకు కుదించి డాట్ ప్రొడక్ట్ (రెండు దిశలు ఎంత కలుస్తున్నాయో చెప్పే లెక్క) తీస్తే, జవాబు 0.707 దాటినప్పుడు ఆటగాడు చూపులో ఉన్నట్టు. చూపు మధ్యగీతకు అటు 45, ఇటు 45 డిగ్రీలు, కాస్ 45 విలువే ఆ 0.707. కొత్తవాళ్లు తరచూ రెండో వెక్టర్‌ను కుదించడం మరిచిపోతారు. అప్పుడు జవాబులో దూరం కూడా కలిసిపోతుంది. 10 యూనిట్ల దూరంలో ఉన్నవాణ్ని కాపలావాడు దాదాపు పక్కనున్నా పట్టేస్తాడు, అర యూనిట్ దూరంలో ముక్కు ముందే నిలబడ్డవాణ్ని మాత్రం ఎప్పటికీ చూడడు. ఇది సరిదిద్దాక గోడ అడ్డం వస్తే ఎలా అన్న ప్రశ్న వస్తుంది, దానికి రేకాస్ట్ (ఒక గీత పంపి దారిలో ఏది అడ్డుందో చూసే పద్ధతి) నేర్చుకోవాలి. ఇలాంటి చిక్కుముడి విప్పడంలో మీ అబ్బాయికి ఆనందం దొరికితే అతను ప్రోగ్రామర్. అప్పుడు కంప్యూటర్ సైన్స్ తీసుకోవడంలో సందేహం అక్కర్లేదు.

ఆ కంప్యూటర్ సైన్స్ సిలబస్‌లో ఏముండాలో కూడా చూడండి. సి లేదా సి ప్లస్ ప్లస్ ప్రోగ్రామింగ్ భాష కనీసం రెండు సెమిస్టర్లు ఉండాలి. అన్‌రియల్ ఇంజిన్ పని సి ప్లస్ ప్లస్‌లోనే, పెద్ద స్టూడియోల సొంత ఇంజిన్లూ చాలావరకు అందులోనే. యూనిటీ అనే మరో ఇంజిన్‌లో సి షార్ప్ వాడతారు, సి ప్లస్ ప్లస్ వచ్చినవాడికి అది త్వరగానే పట్టుబడుతుంది. డేటా స్ట్రక్చర్స్, లీనియర్ ఆల్జీబ్రా, కంప్యూటర్ ఆర్కిటెక్చర్, ఆపరేటింగ్ సిస్టమ్స్ తప్పనిసరి. కంప్యూటర్ గ్రాఫిక్స్, నెట్‌వర్క్స్ ఐచ్ఛికంగానైనా దొరకాలి. ఇవన్నీ ఎందుకంటే, సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.7 మిల్లీసెకన్లు. ఆటగాడు నొక్కిన బటన్ చదవడం, శత్రువుల నడక తేల్చడం, ఏది దేన్ని ఢీకొందో లెక్కగట్టడం, బొమ్మ గీయడం అన్నీ ఆ వ్యవధిలోనే జరిగిపోవాలి. కంప్యూటర్ జ్ఞాపకంలో (మెమరీలో) డేటాను ఎలా అమర్చితే ప్రాసెసర్‌కు త్వరగా అందుతుందో తెలియనివాడు రాసిన కోడ్ 20 మంది శత్రువుల దాకా బాగానే ఉండి, 500 మంది వచ్చేసరికి తడబడుతుంది. శత్రువు దారి వెతుక్కోవడానికి గేమ్‌లలో వాడే ఏ-స్టార్ అల్గారిథమ్ 1968 నాటిది, అల్గారిథమ్స్ పాఠాల్లో అది చెబుతారు.

ఈ డిగ్రీకీ ఒక లోటుంది. కంప్యూటర్ సైన్స్ తరగతులు గేమ్ నేర్పవు. చదువంతా పూర్తయ్యాక కూడా చేతిలో ఒక్క పూర్తయిన గేమ్ లేకుండా బయటకొచ్చే విద్యార్థులు చాలామంది. స్టూడియోకి దరఖాస్తు పెట్టినప్పుడు మార్కుల కన్నా ముందు అడిగేది ‘ఏం చేశావో చూపించు’ అనే. కాబట్టి ఈ దారి ఎంచుకుంటే గేమ్ పని అంతా తరగతి బయట తనే చేసుకోవాలి. వారానికి ఏడెనిమిది గంటలు దానికి కేటాయించే ఓపిక ఉందా అన్నది మీ అబ్బాయే నిజాయతీగా చెప్పాలి.

గేమ్ డిగ్రీల మధ్య నాణ్యతలో చాలా తేడా ఉంది. స్కాట్లాండ్‌లోని డండీలో ఉన్న అబర్టే విశ్వవిద్యాలయం 1997లోనే కంప్యూటర్ గేమ్‌ల టెక్నాలజీలో డిగ్రీ మొదలుపెట్టింది. అమెరికాలోని డిజిపెన్ సంస్థ ప్రోగ్రామర్లకు ఇచ్చే పేరున్న డిగ్రీకి ‘కంప్యూటర్ సైన్స్ ఇన్ రియల్-టైమ్ ఇంటరాక్టివ్ సిమ్యులేషన్’ అని పేరు. అందులో గేమ్ అనే మాటే లేదు, లెక్కలు, ఫిజిక్స్ మాత్రం నిండుగా ఉంటాయి. పేరులో గేమ్ అని పెట్టుకుని లోపల మూడు సాఫ్ట్‌వేర్ల మెనూలు నేర్పి పంపించే కోర్సులూ ఉన్నాయి. వాటితోనే ప్రమాదం. బ్రౌజర్‌లో గేమ్‌లు నడపడానికి వాడిన ఫ్లాష్ మీదే ఆధారపడి చదువుకున్నవాళ్ల చేతిలోని పనిముట్టుకు అడోబీ 2020 డిసెంబర్ 31తో మద్దతు ఆపేసింది. 2023 సెప్టెంబర్‌లో యూనిటీ కొత్త రుసుము ప్రకటించగానే ఎందరో డెవలపర్లు వేరే ఇంజిన్ల వైపు చూశారు, ఏడాది తర్వాత యూనిటీ దాన్ని వెనక్కి తీసుకుంది. ఇంజిన్లు మారుతూనే ఉంటాయి. వెక్టర్లు, మెమరీ, అల్గారిథమ్స్ బాగా వచ్చినవాడు ఇంకో ఇంజిన్‌కు కొద్ది నెలల్లో మారిపోగలడు.

మీకు దొరుకుతున్న గేమ్ డిగ్రీ ఎలాంటిదో తెలుసుకోవడానికి నేరుగా ఆ విభాగానికి రాసి అడగండి. నిరుడు చివరి సంవత్సరం విద్యార్థులు చేసిన గేమ్‌లు ఎక్కడ దొరుకుతాయి? వాటిని దించుకుని మీ అబ్బాయి స్వయంగా ఆడాలి. ప్రకటనల వీడియో చూపించి ఆడే గేమ్ ఇవ్వలేకపోతే అనుమానించాల్సిందే. ప్రోగ్రామింగ్ విద్యార్థులు, ఆర్ట్ విద్యార్థులు కలిసి ఒక ప్రాజెక్టు చేస్తారా, ఎన్ని నెలలు? బోధించేవారిలో విడుదలైన గేమ్ మీద పనిచేసినవారు ఎవరు, ఏ గేమ్, అందులో వారి పని ఏమిటి? లీనియర్ ఆల్జీబ్రా ఎన్ని సెమిస్టర్లు? గత రెండేళ్లలో పట్టా తీసుకున్నవారు ఇప్పుడు ఏ హోదాల్లో ఉన్నారు? ‘ఇంత శాతం మందికి ఉద్యోగాలు’ అన్న అంకె ఒక్కటే సరిపోదు, ఏ ఉద్యోగమన్నది ముఖ్యం. వీటన్నిటికీ సూటిగా జవాబులొస్తే ఆ డిగ్రీ మంచిదే. కంప్యూటర్ సైన్స్ కన్నా అక్కడ ఒక లాభం కూడా ఉంది: తనతో కలిసి గేమ్ చేసే ఆర్టిస్టులు, సౌండ్ చేసేవారు అదే భవనంలో దొరుకుతారు.

లెక్కలూ వస్తాయి, బొమ్మలూ వేస్తాడని రాశారు. చాలామంది తల్లిదండ్రులకు తెలియని ఒక ఉద్యోగం ఇలాంటి పిల్లలకు సరిపోతుంది. టెక్నికల్ ఆర్టిస్ట్ అంటారు. ఆర్టిస్టులకూ ప్రోగ్రామర్లకూ మధ్య నిలబడే మనిషి అన్నమాట. నీళ్లు మెరిసే తీరు, మంట కదిలే తీరు షేడర్లలో (తెర మీద రంగు, వెలుగు తేల్చే చిన్న ప్రోగ్రాముల్లో) రాస్తాడు. పాత్రలకు ఎముకల అమరిక కడతాడు, ఆర్టిస్టులు రోజూ వందసార్లు చేసే పనిని పైథాన్‌లో చిన్న పనిముట్టుగా మారుస్తాడు. బొమ్మలు జ్ఞాపకాన్ని తినేయకుండా కాపలా కాసేదీ అతనే. 2048 పిక్సెళ్ల చదరపు టెక్స్చర్ (వస్తువు పైన అతికించే బొమ్మ) ఒకటి కుదించకుండా పెడితే 16 మెగాబైట్లు. పక్కలు రెట్టింపు చేసి 4096 చేస్తే 32 కాదు, 64 అవుతుంది. మూలనున్న కుర్చీకి, బకెట్టుకు కూడా అంత టెక్స్చర్ పెడితే 20 వస్తువులకే 1,280 మెగాబైట్లు పోతాయి. ఇది పసిగట్టగలిగే కన్ను, సరిచేయగలిగే చెయ్యి రెండూ ఉన్నవాళ్లు తక్కువ. ఆ దారి నచ్చితే కంప్యూటర్ సైన్స్ చదువుతూ గ్రాఫిక్స్ ఐచ్ఛికాలు తీసుకోవడం, పక్కన ఉచితంగా దొరికే త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో పనిచేయడం మంచి కలయిక.

ఒకవేళ మూడో వారమే ప్రాణం అనిపిస్తే, బొమ్మలే తన లోకమైతే, కంప్యూటర్ సైన్స్‌లో నలిగిపోవద్దు. ఫైన్ ఆర్ట్స్, యానిమేషన్, గేమ్ ఆర్ట్ కోర్సులు చూడండి. మనిషి శరీర నిర్మాణం, వెలుగు, రంగు, పర్‌స్పెక్టివ్ చేత్తో గీయించే కోర్సు కావాలి. ఇక డిజైనర్ కావాలన్న కోరిక ఒక్కటే ఉంటే జాగ్రత్తపడమంటాను. కొత్తవాళ్లకు ఆ ఖాళీలు తక్కువ, చాలామంది ప్రోగ్రామింగ్, ఆర్ట్, టెస్టింగ్ లాంటి పనుల్లోంచి అటు వెళ్తారు.

మీ భయం సహేతుకమైనదే. 2023, 2024లో ఈ పరిశ్రమలో వేల ఉద్యోగాలు పోయాయి, పెద్ద స్టూడియోలు కూడా మూతపడ్డాయి. కంప్యూటర్ సైన్స్ పట్టా చేతిలో ఉంటే ఏ సాఫ్ట్‌వేర్ రంగానికైనా మళ్లవచ్చు. గేమ్ ఇంజిన్లు నేర్చుకున్న శ్రమా వృథా కాదు. భవనాల నమూనాలు, వాహనాల డిజైన్, పైలట్ల శిక్షణ సిమ్యులేటర్లు, సినిమా చిత్రీకరణల్లో అవే ఇంజిన్లు వాడుతున్నారు. సందేహం తీరకపోతే ముందు కంప్యూటర్ సైన్స్ డిగ్రీ, ఆపైన గేమ్‌లలో మాస్టర్స్ చేయవచ్చు. అప్పటికి తన పని ఏదో అతనికి బాగా తెలిసి ఉంటుంది.

ఏ కోర్సులో చేరినా పోర్ట్‌ఫోలియో (చేసిన పనులను చూపించే సంకలనం) మొదటి సంవత్సరం నుంచే కట్టుకోవాలి. ఎక్కువమంది తప్పుచేసేది ఇక్కడే. వందల పాత్రలు, పెద్ద ప్రపంచం ఉన్న గేమ్ మొదలుపెట్టి రెండేళ్లు కుస్తీపట్టి వదిలేస్తారు. లేదా వీడియో పాఠం చూసి చేసిన గేమ్‌నే తమదిగా చూపిస్తారు, అదే పాఠం చూసినవాళ్ల దరఖాస్తులు స్టూడియోకి ఎన్నో వస్తాయి. పది నిమిషాల్లో ఆడి ముగించగలిగే రెండు మూడు గేమ్‌లు చాలు, కానీ అవి పూర్తయి ఉండాలి, మెనూ నుంచి ముగింపు దాకా మధ్యలో ఆగిపోకుండా నడవాలి. ఒక్కోదానికి నిమిషం, నిమిషంన్నర వీడియో, అందులో తను చేసిన భాగమేదో రెండు వాక్యాలు. బృందంతో చేసినదైతే ఎవరు ఏం చేశారో తప్పక రాయాలి.

గడువుకు పూర్తిచేయడం నేర్పేవి గేమ్ జామ్‌లు. లుడమ్ డేర్ 2002 నుంచి, గ్లోబల్ గేమ్ జామ్ 2009 నుంచి నడుస్తున్నాయి. రెండు మూడు రోజుల్లో గేమ్ ముగించాలి కాబట్టి ఏది వదిలేయాలో తెలిసొస్తుంది. మొదటి రోజు నుంచీ గిట్ (ప్రాజెక్టులో చేసిన ప్రతి మార్పునూ దాచిపెట్టే పనిముట్టు) వాడాలి. బ్లెండర్ ఫైళ్లు, శబ్దాలు పెద్దవి, ఆ ప్రాజెక్టులను ఆన్‌లైన్‌లో ఉంచే గిట్‌హబ్ 100 మెగాబైట్లు దాటిన ఫైలును తీసుకోదు. పెద్ద ఫైళ్లను విడిగా ఉంచే గిట్ ఎల్ఎఫ్ఎస్ ముందే అమర్చుకోకపోతే, ఆఖరి రాత్రి మొత్తం ప్రాజెక్టు పైకి ఎక్కక ఇబ్బందిపడతారు.

కొత్త కంప్యూటర్ కోసం ఇప్పుడే ఖర్చుపెట్టొద్దు. నెల రోజుల పరీక్షకు ఇంట్లో ఉన్నది సరిపోతుంది. కోర్సు ఖాయమయ్యాక, అన్‌రియల్ లాంటి ఇంజిన్ వాడాల్సివస్తే 16 గిగాబైట్ల ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నదాన్ని చూడండి. 32 అయితే ఇంకా హాయి. చాలా విశ్వవిద్యాలయాలు చేరే విద్యార్థులకు తమకు కావాల్సిన యంత్రం వివరాలు ముందే ఇస్తాయి, అవి చేతికొచ్చాకే కొనండి.