పల్లెటూళ్లకు ఆన్‌లైన్ పార్సిళ్లు సరిగా చేరాలంటే ఏం మారాలి?

మీ ఊరు టౌన్‌కి పద్నాలుగు కిలోమీటర్లు, ఆర్డర్ పెడితే పార్సిల్ టౌన్ దాకా చక్కగా వచ్చి అక్కడే ఆగిపోతోంది, ఫోనైనా రాకుండానే "కస్టమర్ అందుబాటులో లేరు" అని పెట్టి వెనక్కి పంపేస్తున్నారు, ఇది బాగుపడే దారి ఉందా అని అడిగారు. ఉంది. నేను సత్తెనపల్లి చుట్టుపక్కల ఊళ్లకు ఒక కొరియర్ హబ్ తరఫున బండి మీద డెలివరీలు చేశాను, తర్వాత అదే హబ్‌లో పార్సిళ్లు విడదీసే పని చూశాను. లోపల జరిగేది చెప్తే మీకే అర్థమవుతుంది.

ముందు ఆ రిమార్క్ సంగతి. పొద్దున్నే గుంటూరు నుంచి వ్యాన్ వస్తుంది, బస్తాలు దించి, ఒక్కోటీ స్కాన్ చేసి, రూట్ల వారీగా నేల మీద కుప్పలు పోస్తాం. టౌన్ కుప్ప మోకాలెత్తు ఉంటుంది, మీలాంటి ఊరికి ఆ రోజు ఒకటో రెండో ఉంటాయి. బాయ్‌కి జీతం కాదు, డెలివరీ అయిన పార్సిల్‌కి ఇంత అని ఇస్తారు, పెట్రోల్ అతనిదే. ఒక్క కవర్ కోసం రానూ పోనూ ఇరవై ఎనిమిది కిలోమీటర్లు తిరిగితే వచ్చే డబ్బు పెట్రోల్‌కే సరిపోదు. అందుకని ఇంకో నాలుగు పోగయ్యేదాకా మీ పార్సిల్ రాక్‌లో కూర్చుంటుంది. అయితే సాయంత్రం లెక్క మూసేటప్పుడు ఇవ్వని ప్రతి పార్సిల్‌కీ యాప్‌లో ఏదో ఒక కారణం నొక్కాలి. "ఇవాళ ఆ ఊరికి వెళ్లలేదు" అనే బటన్ మాత్రం అందులో లేదు. ఉన్నవాటిలో ఎవరూ ప్రశ్నించనిది "కస్టమర్ అందుబాటులో లేరు" ఒక్కటే, దాన్నే నొక్కేవాళ్లు. మా దగ్గర మూడుసార్లు అలా పడితే సిస్టమే దాన్ని రిటర్న్‌లో పెట్టేసేది. మీరు డబ్బు కట్టి ఇంట్లోనే కూర్చుని ఉన్నా, కాగితం మీద మీరు ఇంట్లో లేనట్టే.

అందుకే బాయ్‌ని ఎన్ని తిట్టినా ఇది మారదు, డబ్బు లెక్క మారాలి. దూరపు ఊళ్లకు పార్సిల్ రేటుతో పాటు కిలోమీటర్ల లెక్కన కూడా ఇవ్వాలి. అదీ కుదరదంటే, ఊరికి వారంలో రెండు రోజులు ఖాయం చేసి ఆర్డర్ పెట్టేటప్పుడే చెప్పేయాలి: మీ ఊరికి మంగళవారం, శుక్రవారం వస్తాం అని. పల్లెల్లో ఎవరికీ రేపే రావాలన్న పట్టింపు లేదు, వస్తామన్న రోజున వస్తే చాలు. రోజూ "ఈరోజు డెలివరీకి బయలుదేరింది" అని మెసేజ్ వచ్చి, పనికి పోకుండా ఎదురుచూసి, చివరికి రాకపోతేనే మంట. సిటీల్లో పది నిమిషాల్లో పాలప్యాకెట్ ఇవ్వడానికి పెట్టే తెలివిలో, ఖర్చులో కొంచెం ఇటు పెడితే చాలు. డ్రోన్ల మాట కూడా వింటుంటాం, 2021లో వికారాబాద్‌లో వాటితో మందులు, టీకాలు పంపి చూశారు, అత్యవసరాలకు మంచిదే, కానీ చీరల కవర్లకూ చెప్పుల డబ్బాలకూ ఇప్పట్లో బండే గతి.

ఇంకోటి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, రూట్‌లో మనిషిని మార్చకూడదు. పోస్ట్‌మ్యాన్‌ని చూడండి, అడ్రస్‌లో సగం లేకపోయినా ఉత్తరం ఇంటికొస్తుంది, ఎందుకంటే ఏళ్ల తరబడి ఆయనదే ఆ బీట్. నేను తిరిగిన ఒక ఊళ్లో అడ్రస్‌లన్నీ "రామాలయం దగ్గర" అనే ఉండేవి, రామాలయాలేమో రెండు, పాత ఊళ్లో ఒకటి, కాలనీలో ఒకటి. కొన్నాళ్లు తిరిగాక పేరు చూడగానే ఏ వీధో తెలిసిపోయేది, ఇంట్లో లేకపోతే పక్కింటి పిన్నిగారికి ఇవ్వొచ్చో లేదో కూడా తెలిసేది, "ఏం అబ్బాయ్, మాకేమన్నా వచ్చిందా" అని వాళ్లే పిలిచి అడిగేవాళ్లు. ఇదంతా ఏ మ్యాప్‌లోనూ ఉండదు. గిట్టుబాటు కాక ఆ మనిషి మానేస్తే కొత్తవాడికి అంతా మళ్లీ మొదటికే. బాయ్‌ని నిలుపుకోవడమే డెలివరీని బాగుచేయడం అని కంపెనీలకు ఎప్పుడు అర్థమవుతుందో!

టైమ్ కూడా చూడాలి. మా వైపు మిరప కోతలప్పుడు పొద్దున్నే వెళ్లినవాళ్లు సాయంత్రానికి గానీ ఇల్లు చేరరు. బండి ఊళ్లోకి వచ్చేది పన్నెండుకో ఒంటిగంటకో, వీధివీధంతా తాళాలే. చీకటి పడే వేళ ఒక గంట తిరిగితే అన్నీ అయిపోతాయి, కానీ వసూలైన డబ్బు హబ్‌లో కట్టడానికి బాయ్ అప్పటికే వెనక్కి రావాలి. క్యాష్ మర్నాడు పొద్దున కట్టొచ్చు అన్న ఒక్క సడలింపు ఇస్తే చాలావరకు తీరిపోతుంది, ఇప్పుడు ఎక్కువమంది ఫోన్‌పేలోనే కొడుతున్నారు కూడా. లేదా ఊళ్లో కిరాణా కొట్టుకి పార్సిల్‌కి ఇంత అని ఇచ్చి అక్కడ పెట్టించొచ్చు, ఓటీపీ చెప్పి తీసుకెళ్తారు. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ ఇలా కిరాణా కొట్లతో పని చేయిస్తూనే ఉన్నాయి, అది టౌన్ దాటి మీ ఊరి దాకా రావాలి.

ఇక మీ చేతిలో ఉన్నవి. పిన్‌కోడ్‌ని నమ్ముకోకండి, 1972లో పెట్టిన ఆ ఆరంకెలు పోస్టాఫీసును చెప్తాయి గానీ ఇంటిని కాదు, ఒకే పిన్ కింద పక్కపక్కన ఎన్నో ఊళ్లుంటాయి. అందుకని ఊరి పేరు, మండలం ముందు రాయండి, తర్వాత ఇంటిపేరు, నాన్నగారి పేరు, దగ్గర్లో అందరికీ తెలిసిన కొట్టు పేరు, పగలు ఊళ్లోనే ఉండేవాళ్ల రెండో నంబర్. మా చేతికొచ్చిన లేబుళ్ల మీద మాకు బాగా పనికొచ్చింది ఆ రెండో నంబరే. తపాలా శాఖ 2025లో డిజిపిన్ అని తెచ్చింది, ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వారి ఎన్‌ఆర్‌ఎస్‌సీతో (ఉపగ్రహ చిత్రాల పని చూసే కేంద్రం) కలిసి తయారుచేసింది, అంకెలు, అక్షరాలు కలిపి మొత్తం పది ఉండే కోడ్, సుమారు నాలుగు మీటర్ల చదరాన్ని పట్టి చూపిస్తుంది, అంటే మీ గుమ్మమే. మీ ఇంటిది తీసి ల్యాండ్‌మార్క్ గడిలో రాసిపెట్టుకోండి, కొత్త బాయ్ వచ్చినా దారి దొరుకుతుంది.

ఫోన్ రాకుండానే ఆ రిమార్క్ పడితే వెంటనే స్క్రీన్‌షాట్ తీయండి, ఆ రోజు కాల్ లిస్ట్ కూడా. కొన్న సైట్‌లోనే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి, అంటే ఫిర్యాదులు చూసే అధికారికి రాయండి, 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కదలకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఫిర్యాదులో బాయ్ మీద రాయకండి, "ఫలానా తేదీన ఈ నంబర్‌కి కాల్ రాలేదు, మా ఊరికి బండే రాలేదు, ఏ రోజుల్లో వస్తుందో చెప్పండి" అని రాయండి. బాయ్ మీద రాస్తే అతనికి కోత పడి ఊరుకుంటుంది, ఊరికి బండి రాలేదని రాస్తే రూట్ గురించి హబ్ మేనేజర్ జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. మీ ఊళ్లో ఇంకో నలుగురికీ ఇదే జరిగి ఉంటే వాళ్ల చేత కూడా అదే వారంలో పెట్టించండి.